క్లాంపు పెట్టాక... క్లాంపు తీశాక...

ఆపరేషన్ జరిగింది ఛాతీలో. డాక్టర్లు ముట్టుకున్నది గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళాన్ని. కుట్లన్నీ బాగానే పడ్డాయి, రక్తం ఎక్కడా కారడం లేదు. కానీ పేషెంటుకి మెలకువ వచ్చాక చూస్తే కాళ్లు కదలడం లేదు. కాళ్ల జోలికి ఎవరూ వెళ్లలేదు. వెన్నుపూసని ఎవరూ తాకలేదు. మరి ఇలా ఎందుకయింది?

బృహద్ధమని ఆపరేషన్లలో అరుదుగానైనా నిజంగానే ఇలా జరుగుతుంది. అందుకే ఛాతీలో బృహద్ధమనికి ఆపరేషన్ అంటే సంతకం పెట్టించుకునే ముందే ఈ సంగతి కుటుంబానికి చెబుతారు. విన్నవాళ్లకి మాత్రం అర్థం కాదు. "గుండె దగ్గర కోస్తే కాళ్లెందుకు పోతాయండీ?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు తెలుసుకోవడానికి మెడిసిన్ సీటు అక్కర్లేదు. మనం చదివే స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, ఓమ్స్ లా, కాస్త థర్మోడైనమిక్స్ చాలు.

ముందు ఈ పైపు సంగతి

బృహద్ధమని గుండె ఎడమ గది నుంచి మొదలవుతుంది. కొంచెం పైకి వెళ్లి, గొడుగు పిడిలా వంగి, వెన్నెముక పక్కనుంచి కిందికి దిగుతుంది. ఆ వంపు దగ్గర చేతులకీ, మెదడుకీ కొమ్మలు వెళ్తాయి. ఛాతీలో దిగుతున్నప్పుడు పక్కటెముకల మధ్యకీ, వెన్నుపాముకీ సన్నటి కొమ్మలు. పొట్టలోకి వచ్చాక కాలేయం, పేగులు, కిడ్నీలు. దాదాపు బొడ్డు దగ్గర రెండుగా చీలి రెండు కాళ్లకీ పోతుంది. పొట్టలో దీని వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లు, అంతే. మనం ఊరికే కూర్చున్నప్పుడు కూడా నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం గుండె నుంచి ఇందులోకి వస్తుంది. అందులో లీటరుకి పైగా కిడ్నీలకే పోతుంది, ముప్పావు లీటరు దాకా మెదడుకి.

ఇలాంటి పైపు గోడ ఒకచోట బలహీనపడి బుడగలా ఉబ్బితే దాన్ని ఎన్యూరిజం అంటారు. అది ఎందుకు ప్రమాదమో పలుచని సిలిండర్ ఫార్ములాతోనే తెలిసిపోతుంది: గోడ మీద ఒత్తిడి అంటే లోపలి ప్రెషర్‌ని వ్యాసంతో గుణించి, గోడ మందానికి రెట్టింపుతో భాగించాలి. బీపీ పై అంకె 120 అంటే సుమారు 16 కిలోపాస్కల్స్. వ్యాసం 20 మిల్లీమీటర్లు, గోడ మందం 2 అనుకుంటే 80 కిలోపాస్కల్స్ వస్తుంది. అదే గొట్టం 55 మిల్లీమీటర్లకి ఉబ్బి, గోడ 1.5కి పలచబడితే? సుమారు 293. బీపీ ఏమీ మారలేదు, గోడ మీద భారం మూడున్నర రెట్లు దాటిపోయింది. పైగా ఉబ్బేకొద్దీ వ్యాసం పెరుగుతుంది, వ్యాసం పెరిగేకొద్దీ ఇంకా ఉబ్బుతుంది. మన లెక్క పాఠ్యపుస్తకం లెక్కే, నిజం గోడ ఇంత సాఫీగా ఉండదు. అయినా దిశ అదే. మగవాళ్లలో పొట్టలోని ఎన్యూరిజం 5.5 సెంటీమీటర్లకి చేరితే సాధారణంగా ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు.

ఐన్‌స్టైన్‌కి ఉన్న జబ్బు ఇదే. 1948లో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ ఆయన పొట్ట తెరిచి, ఉబ్బిన ధమని చుట్టూ సెల్లోఫేన్ కాగితం చుట్టాడు. చుట్టూ మచ్చ కణజాలం ఏర్పడి గోడ గట్టిపడుతుందని ఆశ. ఆ రోజుల్లో చేయగలిగింది అంతే. 1955లో అది పగిలింది. అప్పటికి పాడైన ముక్కని తీసేసి కొత్తది కుట్టే పద్ధతి వచ్చేసింది, 1951లోనే పారిస్‌లో చార్ల్స్ డ్యుబోస్ట్ చేసి చూపించాడు. కానీ ఐన్‌స్టైన్ ఆపరేషన్ వద్దన్నారు. ఏప్రిల్ 18న చనిపోయారు.

అదే దశకంలో హ్యూస్టన్‌లో మైకేల్ డెబేకీ గుడ్డతో రక్తనాళం కుట్టడం మొదలుపెట్టాడు. బట్టల షాపులో నైలాన్ అడిగితే అయిపోయిందని డాక్రాన్ ఇచ్చారట, ఇంటికి తెచ్చి కుట్టుమిషన్ మీద గొట్టంలా కుట్టాడు. ఆ గుడ్డే ప్రపంచమంతా పాకింది. చిత్రం ఏమిటంటే, 97 ఏళ్ల వయసులో డెబేకీ బృహద్ధమనే లోపల చీలింది. 2006లో ఆయన శిష్యపరంపరే ఆయనకి ఆపరేషన్ చేసింది. ఆ తర్వాత రెండేళ్లు బతికాడు.

సరే, గొట్టం మార్చాలి. కుళాయి మార్చేటప్పుడు ఏం చేస్తాం? ముందు వాల్వు కట్టేస్తాం. ఇక్కడా అంతే. పాడైన చోటుకి పైన ఒక క్లాంపు, కింద ఒక క్లాంపు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

క్లాంపు పడింది

ఒక్క క్షణంలో ఒంట్లో రెండు వేరువేరు ప్రాంతాలు తయారవుతాయి. క్లాంపుకి పైన వరద, కింద కరువు.

పైన బీపీ ఒక్కసారిగా ఎగుస్తుంది. గుండె మూసిన వాల్వు మీదకి పంపు కొడుతున్నట్టు ఉంటుంది దాని పరిస్థితి. క్లాంపు ఎంత పైన పెడితే గుండెకి అంత కష్టం. కిడ్నీల కింద పెడితే చాలామంది గుండెలు ఓర్చుకుంటాయి. ఛాతీలో పెడితే మత్తు డాక్టర్ మందులతో బీపీని నిమిషనిమిషానికీ పట్టుకుని ఉండాల్సిందే.

కింద మాత్రం మెయిన్ లైన్ ఆగిపోయింది. చిన్నచిన్న పక్కదారుల్లో వచ్చే కాస్త రక్తమే దిక్కు. ఆ పక్కదారులు అందరికీ ఒకేలా ఉండవు. 1944లో స్టాక్‌హోమ్‌లో క్లారెన్స్ క్రాఫోర్డ్ అనే సర్జన్ పుట్టుకతోనే బృహద్ధమని ఒకచోట నొక్కుకుపోయినవాళ్లకి ఆ ముక్క తీసేసి అతికే ఆపరేషన్ చేశాడు. ఛాతీలో క్లాంపు పెట్టినా అలాంటివాళ్లలో చాలామందికి కాళ్లు దెబ్బతినవు. ఎందుకంటే మెయిన్ లైన్ చిన్నప్పటి నుంచీ ఇరుకే కాబట్టి, వాళ్ల ఒళ్లు ఏళ్ల తరబడి పక్కదారులు వేసుకుని ఉంటుంది. ఎన్యూరిజం పేషెంటుకి ఆ అవకాశం ఉండదు. నిన్నటి దాకా మెయిన్ లైన్ తెరిచే ఉంది మరి.

కణం లోపల కరెంటు పోయింది

ఇప్పుడు క్లాంపు కింద ఉన్న ఒక్క కణంలోకి వెళ్దాం. కణంలో పనులన్నీ నడిపే కరెన్సీ ఏటీపీ. ఇక్కడ మనవాడి పేరు చెప్పుకోకపోతే తప్పు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని వేరుచేసి చూపించాడు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనిపెట్టాడు. క్లాంపు పడ్డాక ఖర్చయిపోయేది సరిగ్గా ఈ రెండే, అది కూడా ఇదే వరసలో. ముందు ఫాస్ఫోక్రియాటిన్ కరుగుతుంది, అది చిన్న ఇన్వర్టర్ లాంటిది. తర్వాత ఏటీపీ పడిపోతుంది.

ఏటీపీని కణం పెద్దగా దాచుకోదు. ఎప్పటికప్పుడు వండుకుని ఎప్పటికప్పుడు వడ్డించుకోవడమే. ఆక్సిజన్ ఉంటే ఒక్క గ్లూకోజ్ అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు వస్తాయి. లేకపోతే రెండే. ఆ రెండూ తీసుకున్నందుకు లాక్టిక్ ఆమ్లం మిగులుతుంది, లోపల పులుపు పెరుగుతుంది.

కణం పొరలో సోడియంని బయటికి, పొటాషియంని లోపలికి తోడే పంపులు ఉంటాయి. ఏటీపీ లేక అవి ఆగుతాయి. సోడియం లోపలికి వచ్చేస్తుంది, దాని వెంట నీళ్లు. కణం ఉబ్బుతుంది. పొటాషియం బయటికి జారిపోతుంది. కాల్షియం కూడా లోపల పేరుకుపోతుంది, దాంతో కణం సొంత సరుకునే కోసుకుతినే ఎంజైములు నిద్రలేస్తాయి. ఇదంతా ఒక దశ దాకా వెనక్కి తిప్పుకోవచ్చు. దశ దాటితే లేదు.

ఒక్కో అవయవానికి ఒక్కో గడియారం

ఆ దశ ఎప్పుడు వస్తుంది అనేది అవయవాన్ని బట్టి ఉంటుంది. మామూలు ఒంటి వేడి దగ్గర, రక్తం పూర్తిగా ఆగితే, మెదడు సుమారు 4-5 నిమిషాలే ఓర్చుకుంటుంది. వెన్నుపాము 20-30 నిమిషాలు. కిడ్నీలు అరగంట, ఆ పైన ఎంత ఆలస్యమైతే అంత నష్టం. కాలి కండరాలు 4 నుంచి 6 గంటలు. ఇవన్నీ ఉజ్జాయింపు అంకెలు. మనిషిని బట్టి, పక్కదారుల్ని బట్టి మారతాయి.

అంటే క్లాంపు పెట్టిన క్షణం నుంచి ఆపరేషన్ థియేటర్‌లో ఒకటి కాదు, నాలుగైదు గడియారాలు ఒకేసారి తిరుగుతుంటాయి. క్లాంపు కిడ్నీల కింద అయితే ప్రధానంగా కాళ్ల గడియారం ఒకటే, టైమ్ బోలెడు. ఛాతీలో అయితే వెన్నుపాము, కిడ్నీలు, పేగులు, కాలేయం అన్నీ మొదలవుతాయి. అందుకే క్లాంపు ఎన్ని నిమిషాలు ఉందో రికార్డులో రాస్తారు.

కాళ్లు ఎందుకు పడిపోతాయంటే

ఇక మొదటి ప్రశ్నకి వద్దాం. కాళ్లని కదిలించే నరాల కణాలు ఉండేది కాళ్లలో కాదు, వెన్నుపాము కింది భాగంలో. ఆ భాగానికి రక్తం బృహద్ధమని నుంచే, సన్నటి కొమ్మల ద్వారా వస్తుంది. వాటిల్లో పెద్దదానికి ఆడమ్‌కీవిచ్ ధమని అని పేరు. 19వ శతాబ్దం చివర్లో దాన్ని వర్ణించిన పోలండ్ వైద్యుడి పేరే పెట్టారు. చాలామందిలో అది ఎడమవైపు, ఛాతీ పూసల చివరి నాలుగింటి దగ్గర మొదలవుతుంది. కొందరిలో పైన, కొందరిలో కింద. సరిగ్గా ఆ ప్రాంతంలోనే క్లాంపు పడిందంటే, లేదా ఆ ముక్కే తీసేయాల్సి వచ్చిందంటే, వెన్నుపాముకి మెయిన్ సప్లై పోయినట్టే. కాలి కండరాలకి ఇంకా గంటల టైమ్ ఉంది, వాటిని నడిపించే స్విచ్‌బోర్డుకి మాత్రం అరగంట కూడా లేదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. వెన్నుపాము ఎముకల గొట్టంలో, నీళ్లలాంటి ద్రవంలో మునిగి ఉంటుంది. ఆ ద్రవానికి సొంత ప్రెషర్ ఉంటుంది. లోపలికి రక్తం తోసేది ధమని ప్రెషర్ ఒక్కటే కాదు, ధమని ప్రెషర్‌కీ ఈ ద్రవం ప్రెషర్‌కీ మధ్య తేడా. కరెంటు ప్రవహించాలంటే వోల్టేజి కాదు, వోల్టేజి తేడా కావాలి కదా, అలాగే. మామూలుగా 90 నుంచి 10 తీసేస్తే 80 మిగులుతుంది. క్లాంపు పెట్టాక కింద ధమని ప్రెషర్ 30కి పడిపోయి, ద్రవం ప్రెషర్ 15కి ఎక్కిందనుకోండి, మిగిలింది 15. ఎక్కడ 80, ఎక్కడ 15!

ఈ తీసివేతలోనే ఉపాయం కూడా దొరికింది. నడుము దగ్గర సన్నటి గొట్టం పెట్టి ఆ ద్రవాన్ని కొద్దికొద్దిగా బయటికి వదులుతారు, ప్రెషర్ 10 దగ్గర ఉండేలా. ఇంకోపక్క బీపీ పెంచి ఉంచుతారు. ఒక అంకె పెంచు, ఇంకో అంకె తగ్గించు, తేడా పెరుగుతుంది. మరీ ఎక్కువ తోడేస్తే మెదడు చుట్టూ రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది కాబట్టి అదీ కొలిచే చేయాలి.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. కొందరు పేషెంట్లు ఆపరేషన్ నుంచి లేచి కాళ్లు చక్కగా కదిలిస్తారు. ఒకటి రెండు రోజుల తర్వాత, బీపీ కాస్త పడగానే, కాళ్లు బలహీనపడతాయి. అప్పుడు వెంటనే బీపీ పెంచి, ద్రవం తోడితే కొందరిలో కదలిక తిరిగి వస్తుంది. అందుకే ఐసీయూలో నర్సులు గంటగంటకీ వచ్చి "కాళ్లు కదపండి" అంటారు. విసుగు అనిపించినా ఆ మాట వెనక ఇంత లెక్క ఉంది.

క్లాంపు తీశాక అసలు పరీక్ష

కొత్త గొట్టం కుట్టేశారు. ఇక క్లాంపు తీసేస్తే రక్తం వస్తుంది, అంతా మామూలే అనుకుంటాం. అలా ఉండదు.

పల్లెటూళ్లలో పొలం మోటార్లు చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కరెంటు పోయినప్పుడు మోటార్లన్నీ ఊరికే ఆగుతాయి. ఆటోస్టార్టర్లు ఉన్నాయనుకోండి, కరెంటు రాగానే అన్నీ ఒకేసారి ఆన్ అవుతాయి. మోటారు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటు నడిచేటప్పటికన్నా చాలా రెట్లు ఎక్కువ. ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతినేది ఆ క్షణంలోనే. క్లాంపు తీసినప్పుడు ఒంట్లో జరిగేది దాదాపు ఇదే.

మొదటి దెబ్బ బీపీ మీద. ఆకలితో ఉన్న కండరాల్లో రక్తనాళాలన్నీ పూర్తిగా తెరుచుకుని ఉంటాయి. తలుపు తీయగానే రక్తమంతా అటు దూకుతుంది, గుండెకి తిరిగి వచ్చేది తగ్గుతుంది, బీపీ ధబీమని పడుతుంది. రెండో దెబ్బ, కింద నిలవైన ఆమ్లమూ పొటాషియమూ ఒక్కసారిగా గుండెకి చేరతాయి. పొటాషియం ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది.

మూడోది కంటికి కనపడదు. ఆక్సిజన్ లేనంతసేపూ కణాల్లోని మైటోకాండ్రియాలో సక్సినేట్ అనే పదార్థం పేరుకుంటుంది. ఆక్సిజన్ తిరిగి రాగానే అది ఒక్కసారిగా మండుతుంది. ఆ ఊపులో ఎలక్ట్రాన్లు రావాల్సిన దారిలో కాకుండా వెనక్కి తన్ని, ఆక్సిజన్‌ని చురుకైన విషంగా మారుస్తాయి. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2014లో ఈ సంగతి బయటపెట్టారు. ఈ విషం కణం పొరల్ని కాలుస్తుంది. ఆ వాసనకి తెల్ల రక్తకణాలు గుంపులుగా చేరి సన్నటి నాళాల గోడలకి అంటుకుంటాయి. నాళాలు వాచి మూసుకుపోతాయి. పెద్ద పైపులో రక్తం పారుతూనే ఉంటుంది, చివరి కణానికి మాత్రం అందదు. మెయిన్ రోడ్డు ఖాళీ, సందు మొదట్లో ట్రాఫిక్ జామ్ అన్నమాట.

పైగా ఈ మంట క్లాంపు కింద ఉన్నవాటితో ఆగదు. రక్తం అన్నిచోట్లకీ తిరుగుతుంది కాబట్టి, అసలు ఆకలి చూడని ఊపిరితిత్తులు కూడా వాస్తాయి. పేగుల గోడ దెబ్బతింటే లోపలి బ్యాక్టీరియా సరుకు రక్తంలోకి కారుతుంది. కండరాల నుంచి కారిన మయోగ్లోబిన్ కిడ్నీల్లో అడ్డం పడుతుంది.

ఈ చివరి సంగతి ఆపరేషన్ థియేటర్ బయటే తెలిసింది. రెండో ప్రపంచయుద్ధంలో లండన్ మీద బాంబులు పడ్డప్పుడు, శిథిలాల కింద కాళ్లు గంటల తరబడి నలిగినవాళ్లని బయటికి తీస్తే ముందు బాగానే ఉండేవారు. కొన్ని రోజులకి కిడ్నీలు పాడై చనిపోయేవారు. 1941లో ఎరిక్ బైవాటర్స్ అనే వైద్యుడు దాన్ని వివరంగా రాశాడు. భూకంపాల్లో ఇవాళ కూడా, బరువు ఎత్తకముందే సెలైన్ మొదలుపెట్టమనేది అందుకే.

థియేటర్‌లోనూ అదే సూత్రం. సర్జన్ "క్లాంపు తీస్తున్నా" అని ముందే చెప్తాడు. మత్తు డాక్టర్ అప్పటికే ద్రవాలు ఎక్కించి, బీపీ కాస్త పైన ఉంచుతాడు. క్లాంపుని టక్కున లాగరు, మెల్లగా వదులుతారు. ముందు ఒక కాలికి, బీపీ నిలబడ్డాక రెండో కాలికి. మోటార్లు ఒకటొకటిగా ఆన్ చేయడమే ఇది.

టైమ్ కొనుక్కోవడం

గడియారాన్ని ఆపలేం, కానీ నెమ్మది చేయొచ్చు. రసాయన చర్యలు చలిలో నెమ్మదిస్తాయని మనకి తెలుసు. 10 డిగ్రీలు తగ్గితే మనిషి మెదడు ఖర్చు సుమారు 2.3 రెట్లు తగ్గుతుందని కొలిచారు. 37 నుంచి 17కి దించితే రెండు పదులు, అంటే 2.3ని 2.3తో గుణిస్తే సుమారు 5.3. ఐదు నిమిషాల మెదడు గడియారం 26 నిమిషాలు అవుతుంది. లెక్క ఎంత బాగా కుదిరిందో చూడండి. 18-20 డిగ్రీలకి చల్లబరిస్తే సుమారు అరగంట రక్తప్రసరణ పూర్తిగా ఆపొచ్చని సర్జన్లు చెప్పే అంకె కూడా దీని దగ్గరే ఉంటుంది. ర్యాండల్ గ్రీప్ 1975లో ఈ పద్ధతితో బృహద్ధమని వంపు మార్చి చూపించాడు. ఇవాళ ఆ అరగంటలో కూడా మెదడుకి విడిగా ఒక గొట్టంతో రక్తం పంపడం మామూలైంది. కిడ్నీలకి చల్లటి ద్రవం ఎక్కిస్తారు. ఛాతీ ఆపరేషన్లో పంపు పెట్టి క్లాంపు కింది భాగానికి బయట నుంచి రక్తం తిప్పుతారు. క్లాంపుని ఒక్కచోటే ఉంచకుండా, కుట్టేకొద్దీ కిందికి జరుపుతూ పోతారు.

అసలు క్లాంపే లేకుండా చేస్తే? తొడ దగ్గర చిన్న రంధ్రం చేసి, మడిచిన గొట్టాన్ని లోపలికి పంపి అక్కడ విప్పడం. 1987లో ఖార్కివ్‌లో నికొలాయ్ వొలొదోస్ ఛాతీలోనూ, 1990లో బ్యూనస్ ఐరిస్‌లో హువాన్ పరోదీ పొట్టలోనూ ఈ దారి తెరిచారు. కోత చిన్నది, రక్తం ఆగేది కొద్దిసేపే. కానీ ఛాతీలో పొడుగాటి గొట్టం పరిస్తే వెన్నుపాముకి పోయే కొమ్మల మూతులు శాశ్వతంగా మూసుకుపోతాయి. క్లాంపు అయితే గంటలో తీసేస్తాం, ఇది తీసేది కాదు. కాబట్టి కాళ్ల భయం ఇక్కడా పూర్తిగా పోలేదు. అందుకే కొన్నిసార్లు పనిని రెండు విడతలుగా చేస్తారు, మధ్యలో ఒంటికి పక్కదారులు వేసుకునే టైమ్ ఇచ్చి. స్టాక్‌హోమ్ పేషెంట్ల ఒంట్లో ఏళ్ల మీద జరిగినదాన్ని కొన్ని వారాల్లో కొంతైనా రాబట్టే ప్రయత్నం.

ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అవసరమైతే సర్జన్‌ని అడగాల్సిన ప్రశ్నలు కొన్నే: క్లాంపు ఎక్కడ పడుతుంది? దాని కింద ఏ అవయవాలు ఉంటాయి? వాటి టైమ్ కాపాడటానికి ఏం చేస్తున్నారు? ఆపరేషన్ తర్వాత కాళ్లు బలహీనపడితే రాత్రయినా వెంటనే చూసేవాళ్లు ఉంటారా? పొగ తాగే అలవాటు, అదుపులో లేని బీపీ, ఇంట్లో ఎవరికైనా ముందే ఈ జబ్బు ఉండటం, ఈ మూడూ ఎన్యూరిజం అవకాశాన్ని పెంచుతాయి. పొట్టలో ఉన్నది మామూలు అల్ట్రాసౌండ్ స్కాన్‌లోనే కనపడుతుంది. పగలకముందు తెలిస్తే ఈ లెక్కలన్నీ వేసుకోవడానికి, చలికీ పంపులకీ ఏర్పాట్లు చేసుకోవడానికి వ్యవధి ఉంటుంది. పగిలాక తెలిస్తే క్లాంపు ఎక్కడ దొరికితే అక్కడ పెట్టాల్సిందే, గడియారాలు అప్పటికే తిరగడం మొదలై ఉంటాయి.